కోడిపిల్ల కంటే ముందు టీకా మందు ఊరికి రావాలి

సంపాదకులకు,

అయ్యా,

మహిళా సంఘాలకు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు పెరటి కోళ్ల యూనిట్లు ఇస్తున్నారన్న వార్తలు కొంతకాలంగా జిల్లా పేజీల్లో తరచుగా కనిపిస్తున్నాయి. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరా మహిళా శక్తి కార్యక్రమంలోనూ పెరటి కోళ్లకు చోటు దక్కింది. ఈ వార్తలతో పాటు ఒక ఫొటో తప్పకుండా ఉంటుంది. అందులో ప్రజాప్రతినిధి చేతిలో కోడిపిల్ల ఉంటుంది, పక్కన కొంగు సర్దుకుంటూ లబ్ధిదారు నిలబడి ఉంటుంది. ఆ ఫొటో తీసిన నలభై రోజులకు ఆ పిల్ల ఉందో పోయిందో రాసిన వార్తను మాత్రం నేను ఇంతవరకు చదవలేదు. మహబూబాబాద్ జిల్లాలోని ఒక గ్రామంలో ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి, నా భార్య సభ్యురాలిగా ఉన్న సంఘానికి ఆరేళ్లుగా లెక్కలు రాస్తున్నవాడిగా, ఆ నలభై రోజుల్లో జరిగేదాన్ని మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఊరికి మొదటిసారి కోడిపిల్లలు వచ్చింది ఒక మే నెలలో. ఇచ్చినవారి పేరు ఇక్కడ అనవసరం. ముప్పై రెండు ఇళ్లకు ఇంటికి ఇరవై చొప్పున ఆరు వందల నలభై పిల్లలను వ్యాన్‌లో తెచ్చి, మధ్యాహ్నం రెండు గంటలకు పంచాయతీ కార్యాలయం ముందు దింపారు. నాలుగు వారాల పిల్లలని కాగితం మీద ఉంది గానీ, చేతిలోకి తీసుకున్న మరుక్షణమే మా ఆడవాళ్లు ఇవి పదిహేను రోజులవి కూడా కావని, ఇంకా ఈకలే రాలేదని తేల్చేశారు. మొదటి వారంలో ఎండకు కొన్ని పోయాయి, తర్వాత గద్దలు, కుక్కలు, ముంగిసలు తమ వంతు తీసుకున్నాయి. తట్టుకుని నిలిచినవాటికి శ్రావణంలో కొక్కెర తెగులు తగిలింది. పచ్చటి పారుడు, నోరు తెరిచి గురక పెట్టడం, మెడ వంకర తిరిగి ఉన్నచోటే గిరగిరా తిరగడం చూసినవారికి ఆ రోగం గురించి వేరే చెప్పనక్కర్లేదు. అది కొత్త పిల్లలతో ఆగలేదు, ఊళ్లో తరతరాలుగా ఉన్న నాటు కోళ్లను కూడా ఊడ్చుకుపోయింది. దసరా నాటికి ఆరు వందల నలభైలో యాభై కూడా మిగలలేదు. రికార్డుల్లో మాత్రం ఆ ముప్పై రెండు యూనిట్లు విజయవంతంగా నెలకొల్పినట్టే ఉన్నాయని విన్నాను.

కొక్కెరకు మందు లేదు, టీకా ఉంది. అది కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. పుట్టిన ఐదు నుంచి ఏడు రోజుల మధ్య లసోటా టీకా ఒక చుక్క కంట్లోనో ముక్కులోనో వేయాలి, నాలుగు వారాలకు మరోసారి వేయాలి, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకాను రెక్క కింద చర్మానికి ఇవ్వాలి, ఆపైన ఆరు నెలలకొకసారి దాన్నే మళ్లీ ఇస్తూ ఉండాలి. ఇంత తేలికైన పని పల్లెల్లో ఎందుకు జరగదని అడిగితే, రైతులకు అవగాహన లేదన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. నాకు తెలిసినంతవరకు అది అసలు కారణం కాదు. ఈ టీకా పొడి రూపంలో ఒక చిన్న సీసాలో వస్తుంది. ఆ సీసాను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, దానితో ఇచ్చిన ద్రావణం కలిపిన తర్వాత రెండు గంటల్లోపు వాడేయాలి. ఒక్కో సీసాలో వందల డోసులుంటాయి. పెరట్లో పన్నెండు కోళ్లున్న ఇల్లాలు మండల కేంద్రానికి ఆటోలో వెళ్లి, ఐస్ ముక్కల మధ్య ఆ సీసాను తెచ్చుకుని, పన్నెండు చుక్కలు వేసి మిగిలినదంతా పారబోయాలంటే ఎవరు చేస్తారు? అవగాహన ఉన్నవారు కూడా చేయరు. సంఘం ఎందుకని అడిగితే అప్పు కోసమని అందరూ చెబుతారు, కోళ్ల విషయంలో మాత్రం సంఘం కావాల్సింది ఆ సీసా కోసం. నలభై ఇళ్ల కోళ్లను లెక్క కడితే ఐదు వందలకు దగ్గరగా తేలతాయి. అప్పుడు ఒక సీసా, ఒక ఐస్ పెట్టె, చెయ్యి తిరిగిన ఒక మనిషి, ఒక ఉదయం సరిపోతాయి.

రెండోసారి మేము చేసింది అదే. సంఘంలో పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయి దగ్గర్లోని పశువైద్యుడి వద్ద వారం రోజులు నేర్చుకుంది. ముందు రోజు సాయంత్రం ఊళ్లో చాటింపు వేస్తాం, ఎవరూ తెల్లవారగానే గూళ్ల తలుపులు తీయవద్దని, గంపలు ఎత్తవద్దని చెబుతాం. ఆమె ఐదు గంటలకు బయలుదేరి ఎండెక్కేలోపు రెండు వాడలు పూర్తి చేస్తుంది. కోడికి రెండు రూపాయలు తీసుకుంటుంది. సంఘంలో లేని ఇళ్ల కోళ్లకు కూడా వేయమని మొదట చెప్పినప్పుడు మావాళ్లలో కొందరు గొణిగారు, కానీ పక్కింటి కోడికి తెగులు వస్తే దడి దాటి మన పెరట్లోకి రావడానికి అది సభ్యత్వం చూడదు కదా. ఆఫ్రికాలో మొజాంబిక్, టాంజానియా వంటి దేశాల్లో ఇదే పద్ధతిని ఎప్పుడో అమలు చేశారు. ఆస్ట్రేలియా సహకారంతో తయారైన, చల్లదనం కొంత తప్పినా తట్టుకునే ఐ-2 అనే టీకాను గ్రామస్థులే నాలుగు నెలలకొకసారి కంటి చుక్కగా వేస్తారు, అందుకు చిన్న రుసుము తీసుకుంటారు. మన దగ్గర మండలానికో పశువైద్యశాల ఉంది, చాలాచోట్ల ఫ్రిజ్ ఉంది, ఊరూరా సంఘాలున్నాయి. కొరవడింది క్యాలెండర్‌లో ఒక తేదీ మాత్రమే. కోళ్ల యూనిట్ మంజూరు పత్రంతో పాటు ఆ ఊరి టీకా రోజులు కూడా అచ్చువేసి ఇవ్వాలని, టీకా వేసే మనిషిని ముందు తయారు చేశాకే పిల్లలను పంపాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను.

ఇక జాతుల విషయం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే వనరాజ, గ్రామప్రియ వంటి కోళ్లను రూపొందించింది. అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి రాజశ్రీ వచ్చింది. నాటు పెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడితే, పెరట్లో తిరిగే వనరాజ పెట్ట వందకు పైగా, గ్రామప్రియ సుమారు 160 గుడ్లు పెడతాయి. ఇంత మంచి పరిశోధన మన గడప ముందే జరగడం గర్వించదగిన విషయమే. అయితే పంచిపెట్టేటప్పుడు చెప్పని మాటలు కొన్ని ఉన్నాయి. వనరాజ బరువైన కోడి, కుక్క తరిమితే నాటు కోడిలా ఎగిరి గోడ మీద వాలలేదు. ప్రేమ కొద్దీ గింజలు ఎక్కువ వేస్తే పెట్టలు కొవ్వు పట్టి గుడ్లు తగ్గిస్తాయి. అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ కోళ్లు సాధారణంగా పొదగవు. గుడ్లు ఎక్కువ పెట్టే గుణం కోసం పొదుగు గుణాన్ని వదులుకున్నామన్నమాట. వాటి గుడ్లను నాటు పెట్ట కింద పెడితే ఇరవై ఒక్క రోజులకు పిల్లలు వస్తాయి గానీ, తల్లి గుణాలన్నీ పిల్లలకు రావు. అంటే ఈ కోడిని ఇచ్చిన ప్రతి ఇల్లూ ఏడాదిన్నర తర్వాత మళ్లీ పిల్లల కోసం ఎవరో ఒకరి మీద ఆధారపడాలి. ఆ ‘ఎవరో ఒకరు’ మండలంలో లేకపోతే పథకం ఒక్క విడతతో ముగిసినట్టే.

కాబట్టి ప్రభుత్వం డబ్బు పెట్టదలిస్తే మొదట పెట్టాల్సిన చోటు మదర్ యూనిట్, అంటే ఒక్కరోజు పిల్లలను తెచ్చి ఐదారు వారాలు సాకి ఇచ్చే చోటు. మొదటి వారం పిల్ల దగ్గర 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. కింద ఆరిన ఊక పరవాలి. చుట్టూ గుండ్రంగా రేకుతోనో అట్టతోనో కంచె కట్టాలి, ఎందుకంటే మూలలుంటే చలికి పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని కింద ఒకటి ఊపిరాడక చనిపోతాయి. రాత్రి పన్నెండు గంటలకు కరెంటు పోతే కుంపటి వెలిగించడానికి మనిషి మెలకువగా ఉండాలి. ఈ పనిని ముప్పై ఇళ్లలో ముప్పై మంది సరిగా చేయడం అసాధ్యం, ఒక్కరు చేయగలరు. మా సంఘంలో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ తన పాత ఇంటి వసారాలో మూడు వందల పిల్లలతో మొదలుపెట్టారు. తెచ్చిన పిల్లలకు కాక, ఐదు వారాలు నిండి మొదటి రెండు టీకాలు పడి సభ్యుల చేతికి ప్రాణంతో చేరిన పిల్లలకే ఆమెకు లెక్క కట్టి ఇవ్వాలని సంఘం తీర్మానించింది. ఆ ఒక్క నిబంధన చేసిన మేలు నేను చూసిన ఏ శిక్షణ తరగతీ చేయలేదు.

జాతీయ పశుసంపద మిషన్ కింద 2021 నుంచి గ్రామీణ కోళ్ల పరిశ్రమకు తల్లికోళ్ల ఫారం, పొదిగే కేంద్రం, మదర్ యూనిట్ కలిపి పెట్టేవారికి పెట్టుబడిలో సగం, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల వరకు రాయితీ ఉంది. స్వయం సహాయక సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు కూడా దీనికి అర్హులే. కాకపోతే అక్కడ కొలత వెయ్యి తల్లికోళ్లతో మొదలవుతుంది. స్థలం పత్రాలు, బ్యాంకు అప్పు సమ్మతి, ప్రాజెక్టు నివేదిక తెచ్చుకోగలిగిన ఊరి పెద్దకు అది అందుతుంది గానీ వసారాలో మూడు వందల పిల్లలు సాకే ఆవిడకు అందదు. ఆ రెండింటి మధ్య మెట్టు ఒకటి కావాలి.

ఆదాయం ఎంత అన్న ప్రశ్నకు పత్రికల్లో వచ్చే ‘లక్షలు ఆర్జిస్తున్న’ కథనాలు చాలా చెడుపు చేస్తున్నాయని మనవి. మా ఇంటి పుస్తకంలోని ఒక ఏడాది లెక్క ఇది. ఇరవై పిల్లలకు 2,400 రూపాయలు పెట్టాం. మూడు పోయాయి. ఎనిమిది పుంజులు అమ్మితే 3,600 వచ్చాయి. తొమ్మిది పెట్టలు వెయ్యి గుడ్ల దాకా పెట్టాయి, అందులో నాలుగు వందలు మనవలూ మేమూ తిన్నాం, ఆరు వందలు పది రూపాయల చొప్పున అమ్మాం. మొదట్లో కొన్న దాణా, నూకలు, తవుడుకు 3,000, టీకాలకు, నట్టల మందుకు 150 అయ్యాయి. చేతిలో మిగిలింది 4,050 రూపాయలు, పెరట్లో ఇంకా ఉన్న తొమ్మిది పెట్టలు. కూలి మానుకుని బతికే ఆదాయం కాదు ఇది. కానీ ఏ నెలలో ఎంత అవసరమో అంతకు అమ్ముకోగలిగే ఆదాయం, అంతకంటే ముఖ్యంగా అది ఆడవాళ్ల చేతి డబ్బు. పత్తి డబ్బు, మిర్చి డబ్బు ఎవరి జేబులోకి పోతుందో అందరికీ తెలుసు. గుడ్ల డబ్బు గురించి ఏ మొగుడూ లెక్క అడగడు. ఐదు వందల కోళ్ల షెడ్డు వేసిన రోజున మాత్రం ఆ షెడ్డు, ఖాతా, సంతకం అన్నీ భర్త పేరు మీదికి మారడం మా మండలంలోనే చూశాను. చిన్నదిగా ఉండటంలో ఒక రక్షణ ఉంది.

దాణా విషయంలో సంఘాలు చేయగలిగింది చాలా ఉంది. మా ప్రాంతమంతా మొక్కజొన్న పండిస్తుంది. 2025-26కు క్వింటాలుకు 2,400 రూపాయల మద్దతు ధర ప్రకటించినా కల్లాల దగ్గర అంతకు తక్కువకే తూకం వేయించుకునే రైతు, ఇంటికి వెళ్లేటప్పుడు అదే మొక్కజొన్నతో చేసిన దాణా బస్తాను రెట్టింపు ధరకు మోసుకెళ్తాడు. 2020లో మొదలైన పది వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకంలో ఒక్కో సంఘానికి మూడేళ్లలో 18 లక్షల రూపాయల దాకా నిర్వహణ సాయం ఉంది. వాటిలో చాలా సంఘాలు ఎరువులు, పురుగుమందుల దుకాణాలుగానే మిగిలిపోతున్నాయి. ఒక చిన్న పిండిమర, మొక్కజొన్న, నూకలు, వేరుశనగ చెక్క, ఖనిజ లవణాల మిశ్రమం ఉంటే పెద్ద కోళ్లకు సరిపడే దాణా ఊళ్లోనే తయారవుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సరిగా ఎండని, బూజు పట్టిన మొక్కజొన్నను కోళ్లకే కదా అని మరలో వేస్తే, ఆ బూజులోని విషం కాలేయాన్ని దెబ్బతీసి పిల్లలను చంపుతుంది. రోగమేదో వచ్చిందని అందరూ అనుకుంటారు.

బ్రాయిలర్ కోళ్లతోనూ చిన్న రైతులు నిలబడగలరనడానికి మధ్యప్రదేశ్‌లోని కేస్లా ఉదాహరణ ఉంది. ప్రదాన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో అక్కడి గిరిజన మహిళలు ఇంటి పక్కనే నాలుగైదు వందల కోళ్లు పట్టే చిన్న షెడ్లు వేసుకుని సహకార సంఘంగా ఏర్పడ్డారు. పిల్లలు, దాణా, మందులు సంఘమే ఇస్తుంది, పెరిగిన కోళ్లను సంఘమే అమ్ముతుంది. పెంచిన మహిళకు చెల్లింపు ఆ వారం మార్కెట్ ధరను బట్టి కాదు, ఎంత దాణాకు ఎంత బరువు తెచ్చింది, ఎన్ని కోళ్లను బతికించింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ధర పడిపోయిన నష్టాన్ని సంఘం భరిస్తుంది, పెరిగిన లాభాన్ని నిధిగా దాచుకుంటుంది. మన దగ్గర కంపెనీలే పిల్లలు, దాణా ఇచ్చి రైతుతో పెంచించుకునే ‘ఇంటిగ్రేషన్’ పద్ధతిలోనూ రైతుకు పెంపకపు కూలి ఇదే రకంగా వస్తుంది కదా అని అడగవచ్చు. తేడా ఏమిటంటే కేస్లాలో ఆ కూలి రేటు నిర్ణయించే సభలో ఆ మహిళలే కూర్చుంటారు.

‘మేమే తిరిగి కొంటాం’ అని ఒప్పందం రాసిచ్చే ప్రైవేటు వ్యాపారుల విషయంలో సంఘాలు జాగ్రత్తగా ఉండాలి. ఈమూ పక్షుల కథ మనవాళ్లు అప్పుడే మరిచిపోయి ఉండరు. గుడ్డు ఇంత, నూనె ఇంత అని లెక్కలు చూపించి జంటలు అంటగట్టారు. 2012 ప్రాంతంలో తమిళనాడులో ఆ వ్యాపారం కుప్పకూలినప్పుడు మన రైతులు కూడా మేపలేక, అమ్మలేక నానా అవస్థలు పడ్డారు. తినేవాళ్లు లేని పక్షికి కొనుగోలు హామీ ఇచ్చేవాడిని నమ్మకూడదు. నాటు కోడికి ఆ భయం లేదు, బ్రాయిలర్ కంటే రెండింతలు, ఒక్కోసారి అంతకు మించి పెట్టి కొనేవారున్నారు. (పందెం పుంజులకు సంక్రాంతికి పలికే ధరలను చూపి అదీ ఒక ఉపాధేనని వాదించే మిత్రులున్నారు. చట్టం నిషేధించిన ఆటను సంఘం తీర్మానాల పుస్తకంలోకి నేను ఎక్కించలేను.)

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎక్కడో ఉన్న మా ఊళ్లో కూడా నెల రోజులు కోడి అమ్ముడుపోలేదు. వ్యాధి నిర్ధారణ అయిన చోటి నుంచి కిలోమీటరు లోపు ఫారం కోళ్లతో పాటు పెరటి కోళ్లను కూడా చంపాల్సిందే. అలా అధికారులు చంపిన కోళ్లకు పరిహారం ఉంటుంది గానీ అంతకు ముందే చచ్చిపోయినవాటికి ఉండదు. ఈ సంగతి పెరటి కోళ్లు పెంచేవారిలో నూటికి పదిమందికైనా తెలుసా అని నా సందేహం. అనుమానాస్పదంగా కోళ్లు చనిపోతే దాచకుండా వెంటనే చెప్పడమే రైతుకు లాభమని ఈ నిబంధనే చెబుతోంది. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 85 కోట్ల కోళ్లలో సుమారు 31.7 కోట్లు పెరటివే, 2012తో పోలిస్తే వాటి సంఖ్య దాదాపు 46 శాతం పెరిగింది. ఇంత పెద్ద సంఖ్యను వ్యాధుల నిఘాలో లెక్కకు రాని వస్తువుగా వదిలేయడం ప్రమాదకరం.

అమ్మకం గురించి రెండు మాటలు. అంగన్‌వాడీలకు, మధ్యాహ్న భోజనానికి ప్రతిరోజూ లక్షల గుడ్లు కావాలి. అవి పెద్ద టెండర్ల ద్వారా దూరం నుంచి లారీల్లో వస్తున్నాయి, ఎండాకాలంలో వాటి పరిస్థితి ఏమిటో అంగన్‌వాడీ టీచర్లను అడగాలి. నాటు గుడ్డు చిన్నది కనుక బరువు నిబంధన దగ్గర నిలవదు, కానీ యాభై గ్రాములు దాటే గ్రామప్రియ గుడ్డుకు ఆ అడ్డంకి లేదు. కనీసం తమ ఊరి ఒక్క అంగన్‌వాడీకి గుడ్లు ఇచ్చే అవకాశం ఆ ఊరి సంఘానికి కల్పిస్తే, పెరటి కోళ్లకు ఏడాది పొడవునా నికరమైన గిరాకీ దొరుకుతుంది.

మాంసం కోడికి మాత్రం మన గిరాకీ పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. శ్రావణం, కార్తీకం వస్తే కొనేవారు తగ్గుతారు. బోనాలకు, దసరాకు, సంక్రాంతికి, రెండేళ్లకొకసారి మేడారం జాతరకు అడిగినంత ధర పలుకుతుంది. యూనిట్లు మంజూరు చేసేవారు ఆర్థిక సంవత్సరం చూసుకుని మార్చిలో బడ్జెట్ విడుదల చేస్తారు, పిల్లలు మే నెల ఎండలో దిగుతాయి, మాంసానికి ఎదిగేసరికి శ్రావణమో కార్తీకమో వస్తుంది. సంక్రాంతికి పుంజు అమ్మకానికి సిద్ధం కావాలంటే ఒక్కరోజు పిల్ల ఆగస్టు చివరికల్లా మదర్ యూనిట్‌లో దిగాలి, మొదటి చుక్క సెప్టెంబర్ మొదటి వారంలో కంట్లో పడాలి, అక్టోబర్ చివరి వారంలో రెక్క కింద టీకా పడాలి. ఆ సీసాలు ఆగస్టు నాటికి మండల పశువైద్యశాల ఫ్రిజ్‌లో ఉండేలా ఇప్పుడే ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మహబూబాబాద్ జిల్లా